తెరచిన యంత్రము, మూసిన ఆట

2024 అక్టోబరు 31వ తేదీన ‘ఏపెక్స్ లెజెండ్స్’ అను కంప్యూటరు ఆటను నడుపుచున్న వారు ఒక ప్రకటన చేసిరి. లినక్సు ఆపరేటింగు సిస్టముపై పనిచేయు యంత్రములకు ఇకమీదట ఆ ఆటలో ప్రవేశము లేదని దాని సారాంశము. అంతవరకు లినక్సు యంత్రములపై ఆ ఆటను ఆడుచున్నవారు, అందులోని వేషభూషలకై డబ్బు చెల్లించినవారు, ఒక్క దినమున వాకిట నిలువవలసి వచ్చినది. కారణములు రెండు చూపబడినవి. లినక్సు స్వభావము చేతనే బహిరంగమైనది కనుక ఆటలో మోసము చేయువారికి అనుకూలముగా ఉన్నదనుట ఒకటి. ఆ మార్గమున వచ్చు నిజాయితీగల ఆటగాండ్రు కొద్దిమందియే కనుక వారిని వదలుకొనుట మేలనుట రెండవది.

రెండవ కారణము వ్యాపారమునకు సంబంధించినది. దానితో వాదము పెట్టుకొని లాభము లేదు. ‘స్టీము’ అను ఆటల అంగడి ప్రతి మాసము ప్రకటించు లెక్కలలో లినక్సు పాలు నూటికి 3 దాటినది 2025 అక్టోబరులోనే. మొదటి కారణము మాత్రము అట్లు విడువదగినది కాదు. తన యంత్రము పనిచేయు తీరును ఎల్లరు చదువుకొనునట్లు ఉంచుకొన్నవాడు ఆ కారణము చేతనే అనుమానింపదగినవాడని దాని భావము. పరిశోధన చేసినవాడు తన పద్ధతిని దాచక ప్రచురింపవలెనని విజ్ఞానశాస్త్రము బోధించువారు తరగతిలో నిత్యము చెప్పు మాటకు ఇది సరిగా ఎదురైన మాట. ఇందులో నిజమెంత?

ఆరోపణకు గురియైన మనిషి ఎవరో ముందు తెలిసికొనవలెను. ప్రోగ్రామును వ్రాయువాడు దానిని మనుష్యులు చదువగల భాషలో వ్రాయును. అది మూలపాఠము. యంత్రము నడచుటకై ఆ పాఠము అంకెల వరుసగా మార్చబడును. కొనువానికి సాధారణముగా ఈ అంకెలే దక్కును, మూలపాఠము దక్కదు. వండిన కూర దొరకును గాని వండిన విధము తెలియదు. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రాము రచయితకు ఒక అచ్చుయంత్రముతో చిక్కు వచ్చినది. కాగితము అడ్డుపడినచో ఆ సంగతి అందరికిని తెలియజేయునట్లు పాత అచ్చుయంత్రపు ప్రోగ్రామును ఆయన సవరించి యుండెను. క్రొత్త యంత్రమునకు అట్టి సవరణ చేయుటకు మూలపాఠము లేకపోయెను; అది తనవద్ద ఉన్న వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుడు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. ఇంత చిన్న విసుగు ఆయనను చాల దూరము నడిపించినది. 1983 సెప్టెంబరులో ఆయన ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించెను. ప్రోగ్రామును ఏ పనికైనను నడుపుకొనుట, దానిని చదివి మార్చుకొనుట, ప్రతులు పంచుట, మార్చిన ప్రతులను కూడ పంచుట - ఈ నాలుగు స్వేచ్ఛలు వినియోగదారునికి ఉండవలెనని దాని సిద్ధాంతము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్సు కెర్నెల్ మరుసటి సంవత్సరము గ్నూ లైసెన్సు క్రిందికి వచ్చుటతో పూర్తి ఆపరేటింగు సిస్టము సిద్ధించినది. 2017 నవంబరు నుండి ప్రపంచములోని అతివేగముగల 500 కంప్యూటర్ల పట్టికలో ప్రతి ఒక్కటియు లినక్సుపైననే నడుచుచున్నది. ఆండ్రాయిడు ఫోనుల లోపలి కెర్నెలును అదే.

ఇంతటి సిస్టముపై సాయంకాలము పూట ఒక ఆట ఆడుకొనుట మాత్రము చాలకాలము గగనమైనది. వాతావరణమును లెక్కకట్టు యంత్రమునకు సాధ్యమైనది, పరీక్షలు ముగిసిన విద్యార్థికి సాధ్యము కాలేదు. దీనికి కారణము ఆటల స్వభావములోనే ఉన్నది. లెక్కలు వ్రాసికొను ప్రోగ్రాము పది సంవత్సరములు వాడుకలో ఉండును. వాడువారే దానిని సవరించుచు పోవుదురు. ఆట అట్లు కాదు. అందులో చిత్రములు, సంగీతము, కథ కలిసి యుండును. అది సినిమా వలె విడుదలైన కొద్ది వారములలోనే సొమ్ము చేసికొనవలెను. అందుచేత ఎక్కువమంది ఏ సిస్టమును వాడుదురో దానికే, అనగా విండోసుకే, ఆటలు వ్రాయబడెను. 1998లో అమెరికాలో స్థాపింపబడిన లోకీ అను సంస్థ పేరుగల ఆటలను లినక్సునకు మార్చి అమ్మజూచి, 2002 ఆరంభములో మూతపడినది.

లినక్సు ఔత్సాహికుని దినచర్యలోని చిక్కులలో పేరుమోసినది గ్రాఫిక్సు కార్డు. బొమ్మలను శీఘ్రముగా గీయు ఈ కార్డుతో మాటలాడుటకు ‘డ్రైవరు’ అను ప్రోగ్రాము కావలెను. కార్డు చేసినవారు తమ డ్రైవరు మూలపాఠమును దాచినచో, కెర్నెల్ మారినప్పుడెల్ల ఆ డ్రైవరు తప్పటడుగు వేయును. రాత్రి నిద్రపుచ్చిన యంత్రము ఉదయమున నల్లని తెరతో లేచును. ఆటలో పరుగెత్తుచుండగా చిత్రము అడ్డముగా చీలినట్లు కన్పట్టును. దోషమెక్కడనో వెదకుటకు పాఠము లేదు. 2012లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ సభలో ఎన్విడియా సంస్థను గూర్చి టోర్వాల్డ్స్ సభ్యత మరచి వేలు చూపుటకు ఈ విసుగే కారణము. 2022 మే నెలలో ఆ సంస్థ డ్రైవరులో కెర్నెలునకు చేరు భాగమును బహిరంగపరచినది. మిగిలినది ఇంకను మూసియే ఉన్నది. ఇందుచేతనే ఈ ఔత్సాహికులలో అనేకులు కార్డు కొనునపుడు వేగము కంటె ముందు మూలపాఠమును అడుగుదురు. ఏయండీ కార్డులను ఎంచుకొందురు. చూచువారికి ఇది పట్టుదలగా, మొండితనముగా కన్పింపవచ్చును. కాని తన సైకిలును తానే విప్పి బిగించుకొనువాడు బోల్టులు ఊడదీయుటకు వీలులేని సైకిలును కొనడుగదా.

ఇక విండోసునకు వ్రాసిన ఆట లినక్సుపై నడచుట ఎట్లు? ప్రాసెసరు రెండింటికిని ఒక్కటే. అది చేయు కూడికలు, పోలికలు ఒక్కటే. తేడా కచేరీ పద్ధతులలో ఉన్నది. ఫైలు తెరువుము, బొమ్మ గీయుము, ధ్వని పలికింపుము అని ప్రోగ్రాము సిస్టమును అర్థించుచుండును. ఒక జిల్లా కచేరీలోని గదుల పేర్లు, ఫారముల నమూనాలు మాత్రమే ఎరిగిన మనిషిని వేరొక జిల్లాకు పంపినచో అతడు దిక్కుతోచక నిలుచును. అక్కడ ఎవరైన పాత పేర్లతోనే పలకలు కట్టి, పాత ఫారములనే తీసికొని, లోపల మాత్రము తమ పద్ధతిలో పని జరిపించినచో అతనికి ఊరు మారిన సంగతియే తెలియదు. ‘వైన్’ అను ప్రోగ్రాము చేయునది ఇదియే. 1993లో ఆరంభమైన ఈ కృషి 1.0 అని చెప్పుకొనుటకు 2008 జూను వరకు పట్టినది. పదునైదు సంవత్సరములు! విండోసు మూలపాఠము చూచుటకు లేదు. ప్రతి అర్జీకి ఏమి జవాబు వచ్చునో బయటినుండి పరీక్షించి తెలిసికొనవలసి వచ్చినది. విండోసులోని పొరపాట్లను కూడ అట్లే నకలు చేయవలసి వచ్చినది. ఏలనగా కొన్ని ఆటలు ఆ పొరపాట్లను నమ్ముకొని వ్రాయబడినవి. కంప్యూటరు శాస్త్రములో ఇంత ఓపికతో సాగిన ప్రయోగములు తక్కువ.

బొమ్మల సంగతి వేరుగా మిగిలినది. విండోసు ఆటలు డైరెక్టెక్స్ అను పద్ధతిలో బొమ్మలు గీయింతురు. 2016లో వెలువడిన వల్కన్ అను బహిరంగ పద్ధతిలోనికి ఆ ఆజ్ఞలను అప్పటికప్పుడు తర్జుమా చేయు ‘డీఎక్స్‌వీకే’ను ఫిలిప్ రెబోలె అను ప్రోగ్రాము రచయిత తాను మక్కువపడిన ఒక్క ఆట లినక్సుపై ఆడుకొనవలెనని మొదలుపెట్టెను. స్టీము అంగడి యజమానులైన వాల్వ్ సంస్థ ఆ కృషికి చేయూతనిచ్చి, వైన్‌తో దానిని కలిపి 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’ అను పేర విడుదల చేసినది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘స్టీమ్ డెక్’ అను చేతియంత్రము లినక్సుపైననే నడుచును. దానిని కొన్న పలువురు తాము లినక్సు వాడుచున్నామని కూడ ఎరుగరు.

ఈ విజయమును ఔత్సాహికులు ఘనముగా చెప్పుకొందురు. చెప్పుకొనదగినదే. కాని నిదానించి చూచినచో ఇది ఎరువు తెచ్చుకొన్న పంట. అడుగున కెర్నెల్ బహిరంగము; దానిపై వైన్ బహిరంగము; ఆ పైనున్న స్టీము అంగడి మూసినది; ఆట మూసినది. మూసిన ఆటలు నీతికి విరుద్ధములైనను అవి విండోసుపై కంటె లినక్సుపై ఉండుట కొంత మేలని స్టాల్‌మన్ సైతము, స్టీము లినక్సునకు వచ్చుచున్న దినములలో, వ్రాసియుండెను. అంతకంటె విచిత్రమొకటి ఉన్నది. పది సంవత్సరముల క్రిందట లినక్సు కొరకే ప్రత్యేకముగా మార్చి అమ్మిన ఆటలు కొన్ని నేడు సరిగా నడువవు. అదే ఆట యొక్క విండోసు ప్రతి ప్రోటాన్ పై చక్కగా నడుచును. లినక్సు పంపిణీదారులు గ్రంథాలయ ఫైళ్ళను తరచు మార్చుచుందురు. మూలపాఠమున్న ప్రోగ్రామును ఎవరో ఒకరు సవరింతురు. మూసిన ఆటను సవరించువారు లేరు. పాత ప్రోగ్రాము చెడకుండ నడవవలెనన్న నియమమును మైక్రోసాఫ్టు పాటించినంత శ్రద్ధగా ఈ పంపిణీదారులు పాటింపలేదు. ఈ ఒప్పుకోలు ఔత్సాహికుల వ్రాతలలో అరుదుగా కనబడును.

ఇప్పుడు మోసము సంగతి. పిల్లలు ‘తొండి’ అను మాటలో దానిని ముగింతురు గాని కంప్యూటరు ఆటలలో అది రెండు విధములు. మొదటిది, గోడ వెనుక దాగిన ప్రత్యర్థిని చూచుట. రెండవది, గురిపెట్టు పనిని చేతికి బదులు ప్రోగ్రామునకు అప్పగించుట. ఈ రెండింటి భేదమును గుర్తింపకయే ఈ వివాదములో చాలమంది వాదించుచుందురు.

మొదటి దానికి చరిత్ర ఉన్నది. 1999 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ అను సంస్థ తన ‘క్వేక్’ ఆట మూలపాఠమును గ్నూ లైసెన్సుతో లోకమునకు విడిచిపెట్టినది. ఉదారమైన పని. కొలది దినములలోనే కొందరు ఆ పాఠమును మార్చి, గోడల వెనుక చూడగల ప్రతులను చేసికొని నెట్‌వర్కుపై ఆడ మొదలిడిరి. బహిరంగపరచుటయే తప్పని కొందరనిరి. ఎరిక్ రేమండ్ అను ఉద్యమ రచయిత ఎదురు వాదించెను. ఆయన వాదము సారాంశమిది: ఆటగాడు చూడరాని సంగతులను కూడ అతని యంత్రమునకు పంపుటయే అసలు తప్పు, వేగము కొరకు చేసిన ఆ కల్పన మొదటినుండియు దుర్బలమైనది, పాఠము బయటపడినందున దుర్బలత బయటపడినదే గాని క్రొత్తగా పుట్టలేదు.

పేకాటతో పోల్చిన ఇది తేటపడును. పంచువాడు అందరి ముక్కలను అందరి చేతికిని ఇచ్చి, ‘మీవి మాత్రమే చూడుడు’ అని చెప్పినట్లున్నది ఆ ఏర్పాటు. చూచినవాడు దోషియే, కాని పంచినవాడు తెలివిగలవాడని ఎవ్వరు అనరు. ఈ సంగతిని సంకేతలిపి శాస్త్రము ఏనాడో గ్రహించినది. ఫ్రాన్సులో ఉండిన ఆగస్ట్ కెర్కాఫ్స్ 1883లో సైన్యముల రహస్యలేఖనమును గూర్చి వ్రాయుచు, పద్ధతి శత్రువు చేతిలో పడినను హాని కలుగరాదనెను; రహస్యము తాళపుచెవిలో ఉండవలెనే గాని తాళము నిర్మాణములో ఉండరాదు. నేటి బ్యాంకు లావాదేవీలను కాపాడు సంకేత పద్ధతులు అన్నియు ప్రచురింపబడినవే. మోసమునకు బహిరంగతయే కారణమను వాదము ఈ శాస్త్రము ముందు నిలువదు.

అయినను రేమండ్ వాదముతో తగవు తీరిపోదు. సర్వరు దూరమున ఉండును. గాజుతంతువులో కాంతి సెకండుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునకు సింగపూరు తిన్నని రేఖలో సుమారు 3,300 కిలోమీటర్లు. అనగా కబురు పోవుటకు 16 మిల్లీసెకండ్లకు పైగా, తిరిగి వచ్చుటకు మరి అంత పట్టును. కేబులు వంకర దారులను, నడుమనున్న యంత్రముల ఆలస్యమును కలుపుకొన్న ఇంకను ఎక్కువ. ప్రత్యర్థి మూల తిరిగిన తరువాతనే అతని జాడ పంపుదునని సర్వరు పట్టుబట్టినచో అతడు గాలిలోనుండి ఊడిపడినట్లు కన్పట్టును. అందుచే కొంత ముందుగా పంపకతప్పదు. ఆ కొంత ముందే మోసగానికి చాలును. ‘వాలరెంట్’ ఆటను చేసిన రయట్ సంస్థ ఈ ముందు భాగమును బాగుగా కుదించినది. సర్వరు కడనే ఇంత చేయవచ్చునని చూపినందుకు ఆ సంస్థను మెచ్చుకొనవలెను.

ఆ సంస్థయే 2020లో ‘వాన్‌గార్డ్’ అను కావలి ప్రోగ్రామును తెచ్చినది. ఇంటెల్ జాతి ప్రాసెసరులలో 1980ల నుండి అధికారమును వలయములుగా ఏర్పరచిరి. సామాన్య ప్రోగ్రాములు బయటి వలయములో, కెర్నెల్ అన్నిటికంటె లోపలి వలయములో ఉండును. అతిథులు అరుగుపైన, సావడిలోన కూర్చుండవచ్చును. ఇనుప పెట్టె ఉన్న గదిలోనికి ఇంటివారే పోవుదురు. వాన్‌గార్డ్ ఆ లోపలి గదిలో కూర్చుండును. యంత్రమును వెలిగించినప్పటినుండియే, ఆట ఆడని వేళలందును, అక్కడ నుండును. చాలకాలము వైన్ సహాయముతో లినక్సుపై ఆడబడుచుండిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’కు కూడ 2024లో ఈ కావలి తప్పనిసరి అగుటతో లినక్సు వారికి ఆ ఆట పోయినది. లినక్సు కెర్నెలును ఎవరైనను మార్చి కట్టుకొనవచ్చును; అట్టి ఇంటిలో లోపలి గది గోడలను నమ్మవచ్చునో లేదో కావలివానికి తెలియదు. ఏపెక్స్ వారి చిక్కును ఇదియే, మాట వేరైనను.

లోపలి గదికి తాళపుచెవి ఇచ్చుట వలని అపాయము ఊహామాత్రము కాదు. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ అను ఆట యొక్క కావలి డ్రైవరును దొంగలు చేజిక్కించుకొని, ఆ ఆట లేని యంత్రములలో సైతము దానిని స్థాపించి, వైరసు నివారిణులను నిద్రపుచ్చుటకు వాడిన సంగతి 2022లో బయటపడినది. ఆటలతో సంబంధము లేని క్రౌడ్‌స్ట్రైక్ అను రక్షణ ప్రోగ్రాము లోపలి వలయములో పనిచేయుచు, 2024 జూలై 19న ఒక తప్పు ఫైలును చదివి సుమారు 85 లక్షల విండోసు యంత్రములను పడగొట్టినది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇయ్యవలసి వచ్చినది. ఒక వినోదమునకై ఇట్టి అధికారము అడుగుట ఎక్కువ. ఇచ్చువాడు ఏమిచ్చుచున్నాడో ఎరిగి ఇచ్చుచున్నాడా అనునది మరియు పెద్ద ప్రశ్న. పదునైదేండ్ల బాలుడు ‘సమ్మతము’ అను మీట నొక్కునపుడు అతని తండ్రి బ్యాంకు ఖాతా చూచు యంత్రమును కూడ అదేనని అతనికి తోచునా?

మరి కావలివాడు ఇంత లోతునకు పోయి మోసమును అరికట్టెనా అనగా, తగ్గించెను గాని అరికట్టలేదు. రెండవ కంప్యూటరునకు కలిపిన ఒక కార్డు ద్వారా మొదటి దాని జ్ఞాపకశక్తిని చదువు పరికరములు అంగడికి వచ్చినవి. అవి కావలివాని కన్ను కప్పి గోడకు బయటినుండి రంధ్రము చేయునట్టివి. దాచుకొనుట, వెదకుట అను పందెము ఇనుప సామానులోనికి దిగినది. ఔత్సాహికులు ఈ సంగతిని చూపి గెలిచినట్లు భావింతురు. వారికి ఒక చేదు సంగతి చెప్పవలసియున్నది. వాల్వ్ సంస్థ వారి ‘కౌంటర్ స్ట్రైక్ 2’ లినక్సుపై నేరుగా నడుచును. దాని కావలి లోపలి గదిలోనికి పోదు. ఆ ఆటలో మోసగాండ్రను గూర్చిన ఫిర్యాదులకు అంతులేదు. గురిపెట్టు మోసమునకు గోడల వెనుక సంగతి అక్కరలేదు. తెరపై కన్పించునదే చాలును. దీనికి సర్వరు ఏ ముక్కను దాచి అడ్డగించును? ఈ ప్రశ్నకు రేమండ్ వాదములో జవాబు లేదు.

జవాబునకు దగ్గరగా వచ్చినది ఒక చదరంగపు కూటమి. 2010లో ఫ్రాన్సులో తిబో ద్యుప్లెస్సీ ఆరంభించిన ‘లీచెస్’ సర్వరు మూలపాఠము సాంతము బహిరంగమే. చదరంగములో దాచవలసిన ముక్కలు లేవు. కాని జగజ్జేతను ఓడింపగల ‘స్టాక్‌ఫిష్’ అను ప్రోగ్రాము, అదియు బహిరంగమైనదే, ఎవరి ఫోనులోనైనను ఉచితముగా నడుచును. ఇంతకంటె తొండికి అనువైన స్థితి ఏ ఆటకున్నది? అయినను ఆ సర్వరు ఎవరి ఇంటి లోపలి గదిలోనికిని పోదు. ఆటగాడు వేసిన ఎత్తులను, వాటికి పట్టిన కాలమును, అతని పూర్వపు ఆటలతో పోల్చి సంఖ్యాశాస్త్ర పద్ధతిన అనుమానితులను ఏరును. ఏరు ప్రోగ్రాములలో ‘ఇర్విన్’ అను దాని మూలపాఠము సైతము ప్రచురింపబడినది. పిదప మనుష్యులు పరిశీలింతురు. పరీక్షా పత్రములను దిద్దు ఉపాధ్యాయుడు విద్యార్థి జేబులు తడమకయే, వ్రాత చూచి నకలును పసిగట్టినట్లు ఉండును ఈ పద్ధతి. అప్పుడప్పుడు పొరపాటు పడును. దోషిని ఆలస్యముగా పట్టును. తుపాకి ఆటలలో సెకండునకు అరువది మారులు కదలు గురిని లెక్కించుట చదరంగపు ఎత్తులను లెక్కించుట కంటె కష్టము. అయినను అది ఆటగాని యంత్రమును శత్రుస్థానముగా చూడదు. ఏపెక్స్ వారు చెప్పిన మొదటి కారణములో సగము మాత్రమే నిజమనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు. లినక్సుపై వారి కావలివాని కన్ను మందగించును, అది నిజము. బహిరంగత మోసమును పుట్టించుననుట నిజము కాదు.

ఈ తాళములకు ఇంకొక ఫలితమున్నది. యూబీసాఫ్టు సంస్థ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆట, ఒంటరిగా ఆడుకొనువారికి సైతము, సంస్థ సర్వరు లేనిది నడువదు. 2024 మార్చి 31న ఆ సర్వరులు ఆపివేయబడినవి. డబ్బిచ్చి కొన్న ఆట నాటితో చచ్చినది. అమ్మిన ఆటలను ఇట్లు చంపరాదని ఐరోపాలో సాగిన సంతకముల ఉద్యమము 2025 జూలైలో పది లక్షలు దాటినది. దీనికి ప్రక్కగా ఐడీ వారి ‘డూమ్’ను నిలిపి చూడవలెను. 1993 డిసెంబరులో వెలువడిన ఆ ఆట మూలపాఠము 1997 డిసెంబరు 23న విడుదలైనది. డాసు ప్రతిలోని ధ్వని గ్రంథాలయము వేరొకరి సొత్తగుటచే, వారు లినక్సు ప్రతి పాఠమును ఇచ్చిరి. ఒక్క పరాయి ముక్క ఎంత అడ్డుతగులునో ఇందు కనబడును. నాటినుండి డూమ్ ఎక్కనట్టి యంత్రము అరుదు. గుణకార యంత్రముల తెరలపై కూడ దానిని నడిపించిరి. విద్యార్థి ఎవడైనను నేడు ఆ పాఠమును తెరచి, గోడలను గీయుటకు దేశమును రెండేసి భాగములుగా చీల్చుచు పోయిన పద్ధతిని వరుస వరుసగా చదువుకొనవచ్చును. ఇట్టి చదువు ‘ది క్రూ’ నుండి ఎవ్వరికిని దొరకదు.

ఇంతవరకు వచ్చిన తరువాత ఔత్సాహికుల స్వంత పొలమును కూడ చూడవలెను. తమకు నచ్చిన ఆటలు మూసియున్నవని విసుగుకొనువారు తామేమి పండించిరి? 1987 నుండి పెరుగుచున్న ‘నెట్‌హాక్’ ఉన్నది. అక్షరములతోనే గుహలను, భూతములను చూపు ఆ ఆటలోని కల్పనాశక్తికి సాటి అరుదు. 2003లో మొదలైన ‘బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్’ ఉన్నది. దాని కథలు, ఎత్తుగడలు, చిత్రములు చక్కనివి. వీటిని ప్రక్కన పెట్టినచో పేరుగలవాటిలో పెక్కు అనుకరణములే. డెన్మార్కు విద్యార్థులు ఆరంభించిన ‘ఫ్రీసివ్’ సివిలిజేషను ఆటకు ఛాయ. పెంగ్విను మంచుపై జారు ‘టక్స్ రేసర్’ సొంత ఊహతో పుట్టినది. దానిని చేసినవారు అమ్మకమునకు మూసిన ప్రతి చేయబోగా, పాత బహిరంగ ప్రతిని ఇతరులు చేపట్టి కాపాడిరి. కాపాడిరేగాని పెద్దగా పెంచలేదు. చెడిపోయిన దానిని బాగుచేయు నేర్పు ఈ సమాజములో మెండు. లేనిదానిని ఊహించు నేర్పు కొరత. డ్రైవరు వ్రాయుటకు రాత్రులు మేలుకొనువారు వందలు; ఒక గుర్రము పరుగెత్తు తీరును పన్నెండు బొమ్మలలో గీయుటకు కూర్చుండువారు వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును. చిత్రకారుని ఈ ప్రోగ్రాము రచయితలు తమతో సమానునిగా చూడలేదను ఫిర్యాదు వట్టిది కాదు. ఒక పంపిణీ నచ్చక వేరొక పంపిణీని స్థాపించుట కంటె ఒక చిత్రకారుని పిలుచుట సులభమని వారికి తట్టదు.

తట్టినచోట ఏమి జరిగినదో ‘ఓపెన్ టీటీడీ’ చరిత్రలో ఉన్నది. క్రిస్ సాయర్ వ్రాసిన రైళ్ళ, రహదారుల వ్యాపారపు ఆటను, దాని అంకెల వరుస నుండియే వెనుకకు చదివి, స్వీడను వాడైన లుడ్విగ్ స్ట్రిగెయస్ 2004లో క్రొత్త మూలపాఠముగా వ్రాసి పంచెను. ఆట నడచినది, కాని బొమ్మలు, ధ్వనులు సాయర్ ఆటలోనివే కావలసివచ్చెను. పాత ఆటను కొన్నవారికి తప్ప ఇతరులకు అది న్యాయముగా ఉపయోగపడలేదు. రైలుపెట్టెలు, వంతెనలు, చెట్లు, ఇండ్లు, ప్రతి వాహనము ఎనిమిది దిక్కులకు తిరిగినప్పటి రూపములు - ఇవన్నియు ఔత్సాహికులే క్రొత్తగా గీయ మొదలిడిరి. ఆ బొమ్మలు పూర్తియై, 2010 ఏప్రిలు 1న 1.0 అను సంఖ్యతో ఆట వెలువడునాటికి, ప్రోగ్రాము నడవ మొదలిడి ఆరు సంవత్సరములు గడచిపోయినవి.